చనిపోయిన అవ్వల పట్టిక

క్లాసు వెబ్‌సైట్ పెట్టి ఊళ్ల కొద్దీ అవ్వలను బతికించి, నా పరువును నేనే చంపుకున్న కథ ఒక సోమవారం ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు మొదలైంది. ఐదు నిమిషాలు కూడా ఎందుకంటారా? చాంపియన్ రీఫ్స్ అనే బంగారు గనుల ఊళ్లో ఒక బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. "శారదమ్మ టీచరు రాసిందంటే తప్పుండదు" అన్న పేరొక్కటే నా ఆస్తి.

"శనివారం పేరెంట్స్ మీటింగు. ఒక్కో క్లాసుకు ఒక్కో వెబ్‌సైట్ ఉండాల" అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

మిగతా టీచర్లు గులాబీ పూలూ, పిల్లల డాన్సు ఫోటోలూ పెట్టుకున్నారు. నేను గ్రాఫు కాగితం మీద ప్లాను గీశాను. ఐదు పేజీలు: టైంటేబుల్, హోంవర్కు, మార్కులు, హాజరు. ఐదోది నా ప్రాణం, సెలవు కారణాలు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు ఆ ఏడాది ఇచ్చిన సెలవు చీటీలన్నీ దారానికి గుచ్చి దాచాను మరి! మీరే చెప్పండి, ఏ మనిషికైనా అవ్వలు ఇద్దరే కదా. మా మునిరాజుకు నలుగురు పోయారు. పట్టిక అడుగున కూడిక వేసి ఎర్ర రంగు పూశాను: "అవ్వల మరణాలు, మొత్తం 23."

సైన్సు టీచరు తొంగి చూసింది. "వద్దక్కా, ఊరంతా చూస్తారు. పిల్లోల్దే ఎందుకు, టీచరుది యాడ అంటారు ఇంగ."

"నాది కూడా పెడతాను! నాకేమి భయం?"

వెంటనే టీచర్ల సెలవు రిజిస్టరు తెప్పించి, నా వరసను ఉన్నదున్నట్టు పట్టిక చివర దించేశాను. అక్షరాలు చూశానే గాని అర్థం చూడలేదు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వెబ్‌సైట్‌ను నెట్‌లోకి ఎక్కించి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో లింకు పడేశాను.

శనివారం తొమ్మిదీ నలభైకి నా పట్టికలోని మరణాలన్నీ చీరలు కట్టుకుని గేటులోంచి నడిచొచ్చాయి. ముందు, కామసముద్రం నుంచి మునిరాజు అవ్వ చిన్నక్క.

"యాడుండాది ఆ టీచరు? నన్ను నాలుగు తూర్లు సంపినావంట కదమ్మా! ఒగ తూరి సస్తే సాలదా నాకు?"

నేను చీటీల దండ పైకెత్తాను. "మీ మనవడి రాతే అవ్వా, చూసుకోండి. నేను తప్పు రాయను."

అవ్వలందరూ మనవళ్ల చెవులకేసి తిరిగారు. గెలిచాననుకున్నాను.

"అయితే నన్ను సంపిందెవురమ్మా?" అని వెనక నుంచి ఒక గొంతు.

గుంపు చీలింది. మా అత్తగారు! ఊర్లో ఆమెదీ చిన్నక్కదీ పక్కపక్క ఇళ్లే, ఇద్దరూ ఒకే బస్సులో దిగారు. పట్టిక చివరి వరస నాకప్పుడు గుర్తొచ్చింది: "క్లాస్ టీచరు. మూడు రోజులు. అత్తగారి మరణం." తాడు తెగిన గని లిఫ్టులా నా గుండె షాఫ్టు అడుక్కి పోయింది.

"అత్తా, మీరే కదా ఫోన్ చేసినారు? పట్టుపురుగులు పండినాయి, గూళ్లు కట్టుకునేదానికి చంద్రికల తట్టలకు ఎక్కించాల, చేతులు లేవు, ఏదో ఒకటి రాసిచ్చి వచ్చేయమంటిరి!"

"ఏదో ఒకటంటే నా సావేనా? జరమని రాయకూడదా?"

"జ్వరానికి ఒక్క దినమే ఇస్తారత్తా. పురుగులకు మూడు కావాల."

హెడ్‌మిస్ట్రెస్ మెల్లగా దగ్గరికొచ్చారు. "శారదమ్మా, ఈయమ్మ కోసరం ప్రేయర్లో బడంతా రెండు నిమిషాలు మౌనం చేసినామే!"

అత్తగారి మొహం వెలిగిపోయింది. "అవునా? బడంతానా? ఎందురు పిల్లోలు?"

"నాలుగు వందల పన్నెండు" అన్నాను, అలవాటు కొద్దీ.

"మా ఊర్లో నిజంగా సస్తే కూడా అంతమంది రారు" అని ఆమె చిన్నక్క వైపు గర్వంగా చూసింది.

రిటైరై ఎనిమిదేళ్లయింది. అయినా సుద్దముక్క మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట పురుగులు పండితే పురుగులు పండాయనే రాస్తాను. మనుషుల ప్రాణాల జోలికి పోను.

పోయినవి: వెబ్‌సైట్ ఒకటి, వయసు పంతొమ్మిది గంటలు. అవ్వల మరణాలు ఇరవై మూడు, అన్నీ కొట్టివేత. తప్పు రాయదన్న పేరు ఒకటి, ముప్పై ఏళ్లది. పిల్లల మౌనం, తలా రెండు నిమిషాల చొప్పున, పదమూడు గంటల నలభై నాలుగు నిమిషాలు.