తుఫానులో నాన్న చెవి మిషన్

మా నాన్న మా ఊరి శివాలయంలో పూజారి. వినికిడి తగ్గాక చెవి మిషన్ పెట్టుకున్నారు. ఫోన్‌లాగే దాన్నీ రోజూ ఛార్జింగ్ పెట్టాలి. లేకపోతే ఆయనకి లోకం మూగబోయినట్టే.

నా భార్య రోజూ గుంటూరు వెళ్ళి, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి వస్తుంది. ఒక వేసవిలో మా పాత లాప్‌టాప్ బ్యాటరీని వాకిట్లో గచ్చు మీద పెట్టుకుని, లోపలి సెల్స్‌కి గాటు పడకుండా నెమ్మదిగా విప్పింది. నాన్న గుమ్మంలోంచి కేకేశారు.

"అమ్మాయ్, కొంప అంటించేవు!"

"ఆ భయం నాకూ ఉంది మామయ్యగారూ. అందుకే బయట కూర్చున్నాను."

మీటర్ పెట్టి చూసి, పూర్తిగా చచ్చిపోయిన సెల్స్‌ని అప్పుడే పక్కన పడేసింది. వాటిని మళ్ళీ బతికించాలని చూడటమే ప్రమాదమంది. మిగిలినవాటిని ఒక్కొక్కటిగా ఛార్జ్ చేస్తూ దగ్గరే కూర్చుని, వేడెక్కుతున్నాయేమోనని చేత్తో ముట్టి చూసేది. ఒకటి వేడెక్కింది, దాన్నీ తీసేసింది. బాగున్నవాటిని కొన్ని వారాలు ఊరికే ఉంచి, ఛార్జ్ దిగిపోలేదని తేలాకే పవర్ బ్యాంక్ డబ్బాలో అమర్చింది. షార్టయినా, ఛార్జ్ ఎక్కువైనా దానంతటదే ఆగిపోయే సర్క్యూట్ ఉన్న డబ్బా అది. పనికిరానివాటి కొసలకి టేపు చుట్టి, పాత ఎలక్ట్రానిక్ సామాన్లు తీసుకునేచోట ఇచ్చి వచ్చింది.

"ఇంత తిప్పలెందుకు, కొత్తది కొంటే పోలా?" అన్నాను.

"ఇవి బాగానే ఉన్నాయిగా, పారెయ్యడమెందుకు?" అంది.

పత్తి కాయ పగిలే రోజుల్లో తుఫాను వచ్చింది. స్తంభాలు పడిపోయి కరెంటు పోయింది, నాన్న మిషన్ ఆగిపోయింది. వాన తెరిపిచ్చాక ఒక రైతు మా అరుగు మీదికి వచ్చి, నాన్న దగ్గర కూర్చుని ఏదో చెప్పుకున్నాడు. నాన్న నవ్వుతూ తలూపి, "శుభం నాయనా, శుభం" అన్నారు.

అతని మొహం వాడిపోయింది. తన చేలో పత్తంతా తడిసి నల్లబడిందని చెబుతున్నాడతను. లేచి వెళ్ళిపోయాడు. నేను చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పేసరికి నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికెళ్ళి గోడవైపు తిరిగి కూర్చున్నారు.

తుఫాను హడావిడిలో మరిచిపోయిన పవర్ బ్యాంక్ నా భార్యకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ డబ్బా తెచ్చి, నాపరాతి గచ్చు మీద పెట్టి మిషన్‌కి తగిలించింది. ఛార్జింగ్ అయ్యేదాకా అక్కడినుంచి కదల్లేదు.

సాయంత్రం నాన్న మిషన్ పెట్టుకుని, బురదలో పడుతూ లేస్తూ ఆ రైతు ఇంటికి బయల్దేరారు. నేనూ వెంట వెళ్ళాను.

"పొద్దున నాకు వినబడలేదురా అబ్బాయ్. ఇప్పుడు చెప్పు."

అతను విత్తనం వేసిన రోజు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. నాన్న మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడకుండా విన్నారు. చివరికి అతను కండువాతో మొహం తుడుచుకుని, "ఇంట్లోవాళ్ళకి కూడా ఇంత చెప్పుకోలేదు పంతులుగారూ" అన్నాడు.

ఇంటికొచ్చాక నాన్న నా భార్య తలమీద చెయ్యి పెట్టారు.

"నీ చలవే తల్లీ," అన్నారు.

కొత్తది కొంటే పోలా అన్న నేనూ అనాల్సిన మాట అది. నా బదులు కూడా నాన్నే అన్నారనుకున్నాను.