నోటిమాట సీటు

మావాడు ఆడే ఆటలో బంతి వాడి చేతికి రాదు. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదది. రెండు వైపులా కోసుగా ఉండే బంతి, నెత్తిన హెల్మెట్, భుజాల మీద దిమ్మల్లాంటి ప్యాడ్లు. బంతి పట్టుకున్నవాడి మీదికి ఎవడూ రాకుండా ముందు వరసలో అడ్డంగా నిలబడటమే మావాడి పని. మొదటిసారి చూసినప్పుడు "ఇంత దెబ్బలాడి బంతి ముట్టుకోనే ముట్టుకోవా?" అని అడిగాను. "దట్స్ ద జాబ్, అమ్మా" అన్నాడు.

మేముండేది కెనడాలో, రెజైనా అనే ఊళ్లో. మా ఆయన ఇక్కడ హోటల్లో వంట చేసేవారు. పిల్లాడు బడిలో చేరిన కొత్తలోనే గుండె ఆగి పోయారు. నేను ముసలివాళ్లని చూసుకునే హోమ్‌లో దుప్పట్లు ఉతుకుతాను. నా చదువు సంతకం దాకానే. అందుకని పిల్లాడి చదువు సంగతులన్నీ వాటర్లూలో ఉన్న మా మరిదే చూసేవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మంచివాడు. అన్న పోయాక ఏ ఆదివారమూ ఫోన్ చేయడం మానలేదు.

పదకొండో తరగతి అయిన వేసవిలో మావాడు సరిహద్దు అవతల ఒక అమెరికా కాలేజీ వాళ్లు పెట్టిన క్యాంపుకి వెళ్లొచ్చాడు. కొన్నాళ్లకి, నేను డ్యూటీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకముందే, ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి ఎదురొచ్చాడు.

"అమ్మా, ఐ గాట్ యాన్ ఆఫర్!"

"ఉద్యోగమా?"

"నో! కాలేజ్. కోచ్ కాల్ చేశాడు. ఫీజు, రూమ్, ఫుడ్, ఎవ్రీథింగ్ ఫ్రీ."

గోడ మీదున్న వాళ్ల నాన్న ఫొటో వైపు చూశాను. మరిదికి ఫోన్ కలిపాం.

"వదినా, సీటు వచ్చేసినట్టే! వీణ్ణి ఇక ఎవరూ ఆపలేరు."

"కాగితం ఏమన్నా ఇస్తారా?"

"సంతకాల రోజని ఒకటుంటుంది, అది తర్వాత. మన కౌన్సెలింగ్‌లో సీటు అలాట్ అవుతుంది చూడు, అలాగే."

పిల్లాడు అడ్డొచ్చాడు. "బాబాయ్, ఇట్స్ జస్ట్ వెర్బల్. దే కెన్ టేక్ ఇట్ బ్యాక్."

"అదేం మాటరా? యూనివర్సిటీ అన్నాక ఒక పద్ధతుంటుంది. ఇచ్చిన సీటు ఎవడైనా లాక్కుంటాడా?"

మా మరిది ఎంట్రన్స్ రాసి, ర్యాంకు తెచ్చుకుని, కౌన్సెలింగ్‌లో సీటు సంపాదించినవాడు. అక్కడ సీటు పడిందంటే పడినట్టే. ఇంకో కాలేజీ గడప తొక్కక్కర్లేదు. సీటంటే మా వాళ్లందరికీ తెలిసింది అదొక్కటే. ఆ లెక్కే ఇక్కడా వేశాడు. నాకూ అది సబబుగానే తోచింది.

బడి తెరిచాక మా ఊరి యూనివర్సిటీ కోచ్ మావాణ్ణి చూడటానికి వచ్చాడు. తన టీములోకి రమ్మన్నాడు. ఏం చెప్పమంటావని పిల్లాడు బాబాయిని అడిగాడు.

"నీకు సీటుంది కదా. ఇంకోటి బ్లాక్ చేసి పెట్టుకోవడం తప్పురా. ఎవరో ఒక పిల్లాడికి పనికొస్తుంది."

ఆ మాటలో చెడేమీ లేదు. వాడు వెళ్లి ఆ కోచ్‌కి రానని మర్యాదగా చెప్పొచ్చాడు. వాడితో ఆడే మిగతా పిల్లలు మాత్రం అడిగిన ప్రతి కోచ్‌కీ మీ దగ్గరికే వస్తామని మెసేజ్‌లు పెడుతూనే ఉన్నారు. ఈ ఆటలో పద్ధతి అదేనని మాకు తెలియదు.

గుడిలో కలిసినప్పుడు ఒకావిడ అంది, "ఏంటండీ, మీవాడు గెంతులేసి సీటు కొట్టేశాడంట! మావాడు రాత్రీ పగలూ చదివినా రాలేదు." పక్కనే ఉన్న వాళ్లాయన, "ఈవిడ వండే కోడికూర నువ్వు పెట్టుంటే మనవాడికీ వచ్చేది" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ రోజు నాకు గర్వంగానే ఉంది. ఎందుకు లేదనాలి?

అమెరికా కోచ్ అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు. ఇంకా లావు కావాలన్నాడు. ముందు వరసలో నిలబడేవాడు గోడలా ఉండాలట. ఇక తిండి మొదలైంది. పొద్దున్నే గుడ్లు, బడికి రెండు డబ్బాలు, రాగానే చికెన్, పడుకోబోయే ముందు పెరుగన్నం. ఆకలేసి తినడం పోయి, తినడమే వాడికి డ్యూటీ అయింది. పళ్లెం ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకునేవాడు.

"చాల్లేరా, వదిలెయ్" అనేదాన్ని.

"కోచ్ విల్ చెక్, అమ్మా" అని మళ్లీ ముద్ద కలిపేవాడు.

చొక్కాలు పట్టలేదు. నడుం దగ్గర చర్మం చారలు చారలుగా సాగింది. మోకాళ్లు నొప్పని మెట్లు పక్కకి తిరిగి దిగేవాడు. కన్నబిడ్డ ఒళ్లు, ఎవరో ఫోన్‌లో చెప్పిన కొలతకి పెరుగుతోంది. నేనే వండి పెడుతున్నాను.

చలి ముదిరిన రోజుల్లో ఆ కోచ్ ఇంకా పెద్ద కాలేజీకి వెళ్లిపోయాడు. మాకు చెప్పి వెళ్లలేదు. మావాడి స్నేహితుడెవరో ఫోన్‌లో చూసి చెప్పాడు. వీడు మెసేజ్ పెట్టాడు. చూసినట్టు గుర్తు వచ్చింది, జవాబు రాలేదు. తర్వాత ఆయన స్థానంలో వచ్చిన కొత్త కోచ్ ఫోన్ చేశాడు. వేరే కాలేజీల్లో ఇప్పటికే ఆడుతున్న పెద్ద కుర్రాళ్లు టీములు మారుతున్నారట. అలా వచ్చేవాళ్లనే తీసుకుంటున్నారట. బడిపిల్లలకి ఈసారి చోటు లేదట. పిల్లాడు నిలబడే విన్నాడు. చివర్లో "థాంక్యూ, సర్" అని పెట్టేశాడు.

"థాంక్యూ ఎందుకురా చెప్పావు వాడికి?"

"వాట్ ఎల్స్ డు ఐ సే, అమ్మా?"

ఆ సాయంత్రం మరిది ఫోన్‌లో గట్టిగా అరిచాడు. "ఇచ్చిన సీటు ఎలా తీసేస్తారు వదినా? మెయిల్ పెడతాను. లాయర్‌తో మాట్లాడతాను."

"ఏం చూపించి మాట్లాడతావయ్యా? నీ సీటు కాగితం మీద వచ్చింది. వీడిది నోటిమాటగా వచ్చింది. ఆ నోరే వెళ్లిపోయింది."

మరిది అరవడం ఆపేశాడు. తర్వాత, "నేనే వద్దనిపించాను కదా వదినా, మీ ఊరి కోచ్‌ని" అన్నాడు. అతణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. మోసం చేద్దామని చెప్పినవాడు కాదుగా.

మా ఊరి కోచ్ దగ్గరికి మళ్లీ వెళ్దామంటే పిల్లాడు ససేమిరా అన్నాడు. "ఐ సెడ్ నో టు హిమ్, అమ్మా. ఇట్స్ ఎంబరాసింగ్." మంచం దిగేవాడు కాదు. బడికి పోనన్నాడు. ఆట పోతే పోయింది, పిల్లాడు పోతున్నాడనిపించింది నాకు. ఒకరోజు డ్యూటీ మానుకుని, కోటు చేతికిచ్చి, బస్సెక్కించి తీసుకెళ్లాను.

ఆ కోచ్ వయసు మళ్లినవాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడి కుర్చీలు చూపించాడు. పిల్లాడు జరిగింది చెప్పాడు. ఆయన అడ్డు రాకుండా విని, తన టీములోనూ చోట్లు నిండిపోయాయన్నాడు. వసంతంలో ఎవరైనా వచ్చి ఆడి చూపించొచ్చన్నాడు. అప్పటికి ఒళ్లు తగ్గాలన్నాడు, లేకపోతే మోకాళ్లు పోతాయన్నాడు.

నాకు వచ్చిన ఇంగ్లీషులోనే అడిగాను. "సర్, ఐ కుక్ లెస్. యూ ప్రామిస్?"

"నో, మేడమ్. ఐ కాంట్" అన్నాడాయన.

పిల్లాడు నా వైపు చూశాడు. చిన్నప్పటి నుంచీ అంతే, ఏదడిగినా నా వైపో, ఫోన్‌లో బాబాయి వైపో చూస్తాడు.

"నన్ను చూడకురా. ఒళ్లు నీది. నువ్వే చెప్పు."

వాడు కోచ్ వైపు తిరిగాడు. నెమ్మదిగా, ఆడాలని ఉందో లేదో తనకే తెలియడం లేదని, కొంచెం టైమ్ కావాలని అడిగాడు.

కావలసినంత తీసుకోమన్నాడాయన. కానీ నీ కోసం చోటు ఆపి ఉంచలేనన్నాడు.

"ఐ నో" అన్నాడు మావాడు.

గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. సంసారం ఈది అలిసిన మగవాడు అన్నట్టు అన్నాడు. అమెరికా వాళ్లు చేసినదానికన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. ఇంకా మీసాలు సరిగ్గా రాని పిల్లాడు. ఎవరి కోసమూ ఏ చోటూ ఆగదన్న సంగతి అప్పుడే తెలియాల్సింది కాదు వాడికి.

ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. మెట్లు ఇంకా పక్కకి తిరిగే దిగుతున్నాడు. వసంతంలో వెళ్తాడో లేదో చెప్పలేదు, నేను అడగలేదు. ఆదివారం మరిది ఫోన్ చేసి, "ఏమనుకుంటున్నాడు వదినా?" అంటే, "వాణ్ణే అడుగయ్యా" అని ఫోన్ వాడి చేతికిచ్చి బయటికి వచ్చేస్తున్నాను.