చివరింటి గుమ్మంలో గరుడ సెమ్మె

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుణ్ణి తలుచుకోకుండా ఏ కబురూ మొదలయ్యేది కాదు. ఈ వయసులోనూ ఆ అలవాటు నన్ను వదలలేదు. అందుకని ముందుగా సింహాద్రి అప్పన్నకు నా నమస్కారం. ఏడాది పొడుగునా చందనం చాటున తన ఉగ్రరూపాన్ని దాచుకుని, మా వంటి అల్పుల కోపతాపాలను చూసి చిరునవ్వు నవ్వే స్వామికి జయం. ఆలస్యంగానైనా ప్రతివాడి మొరా ఆలకించే స్వామికి జయం. ఆయన పేరు తలుచుకున్నాను కాబట్టి దాపరికం లేకుండా చెబుతాను. ఇది మా నాయనమ్మా నేనూ కలిసి కసి తీర్చుకున్న కబురు.

మాది అనకాపల్లి నుంచి మునగపాక వెళ్ళే దారిలో ఒక చెరకు పల్లె. చలికాలం వచ్చిందంటే గానుగలు ఆడేవి, బెల్లం పొయ్యిల పొగ ఊరి మీద పరుచుకునేది. బడి వదలగానే పిల్లలమంతా గూటీబిళ్ళకు పరిగెత్తేవాళ్ళం. వీధి చివర ఉన్న కళ్ళం తప్ప మాకు ఆటకు చోటు లేదు. ఆ కళ్ళం ఎవరిదో ఆవిడను నేను చివరింటత్త అని పిలిచేవాణ్ణి. రక్తసంబంధం లేకపోయినా ఆవిడ మా నాన్నను అన్నా అనేది. గానుగ ఆడగా మిగిలిన చెరకు పిప్పిని, బెల్లం పొయ్యిలోకి పనికొస్తుందని, ఆ కళ్ళంలోనే ఎండబెట్టేది. మా పరుగులకు పిప్పి చెల్లాచెదురయ్యేది. ఒకసారి మా బిళ్ళ తగిలి ఆవిడ పాలకుండ కూడా పగిలింది. ఆవిడ తిట్టి, బిళ్ళ తీసుకెళ్ళి పొయ్యిలో వేసింది. మేము ఇంకో బిళ్ళ చెక్కుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళాం.

ఒక సాయంత్రం బిళ్ళ బాగా పైకి లేచింది. పట్టుకుందామని ఆకాశం వైపు చూస్తూ పరిగెత్తి పిప్పిలో కాలు వేశాను. మడమలోకి ముల్లు దిగిపోయింది. బాధకు ఓర్చుకోలేక దాన్ని లాగి ఎక్కడికో విసిరేశాను. అది ఏ ముల్లో నేను చూడలేదు, మరెవరూ చూడలేదు. పిల్లలు పారిపోయారు. చివరింటత్త గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది, ఒక్క అడుగు కూడా ముందుకు రాలేదు. కుంటుకుంటూ ఇంటికి చేరాను.

మర్నాడు మా అమ్మ వెళ్ళి, పిప్పి కింద ముళ్ళు ఎవరు పెట్టారని అడిగింది. అప్పటికే ఆ కళ్ళం అద్దంలా ఊడ్చేసి ఉంది. నలుగురూ వింటూ ఉండగా అత్త అంది: "ముళ్ళా? మా కళ్ళంలో ఏ ముల్లూ నేదు వదినా. మీవోడు మా ఆనపపాదు మీదకి కాయల కోసం ఎక్కేడు, కంపలోని తుమ్మముల్లు దిగింది. దొంగతనానికొచ్చినోడికి దేవుడే ఏసేడు సిచ్చ."

మా నాన్న ఊరి భజనలో మృదంగం వాయించేవాడు. భజన చేసేవాడి కొడుకు దొంగ అనే మాట సాయంత్రానికల్లా ఊరంతా తిరిగి ఆయన చెవిన పడింది. నేనెంత మొత్తుకున్నా వినకుండా చింతబరికె విరిగేదాకా కొట్టాడు. ఇకమీదట భజనలో కూర్చుని తాళం కూడా వేయకూడదన్నాడు. మడమ నొప్పి ఒక పక్క, ఆ మాట ఒక పక్క. నేను దొంగని కాదని మా నాన్నకు తెలిసేదాకా నాకు అన్నం సయించదని అనుకున్నాను. నిజంగానే సయించలేదు.

మా నాయనమ్మ రోజూ నా మడమకు పసుపూ నూనే వెచ్చచేసి రాసేది. పురాణాలన్నీ ఆవిడకు నోటికి వచ్చు. అక్షరాలు రాకపోయినా, భజన మందిరంలో ఎవరైనా కథ తప్పు చెబితే మధ్యలోనే ఆపేసేది. నేను పన్నిన పగలన్నీ ఆవిడకే చెప్పుకున్నాను. అత్త పిప్పికుప్ప తగలబెడతానన్నాను. ఈ కాలంలో గాలి మనింటి వైపే వీస్తుందని చెప్పింది. ఆవు పలుపు విప్పేస్తానన్నాను. అది నేరుగా మన చెరకులోకే వస్తుందంది. తప్పురా అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. చివరికి నూనె చేయి కొంగుకు తుడుచుకుని, "పగంటే పరిగెత్తీసీది కాదురా నాన్నా. సామి స్తంబంలో ఎంత ఓపిగ్గా కూకున్నాడు? అడిగినప్పుడే బయటికొచ్చేడు. నువ్వూ కూకో" అంది.

అంతలో ధనుర్మాసం వచ్చింది. ఆ నెలంతా మా ఊళ్ళో తెల్లవారకముందే భజన వీధుల్లో తిరుగుతుంది. అందరికంటే ముందు ఒక పిల్లవాడు గరుడ సెమ్మె పట్టుకుని నడుస్తాడు. సెమ్మె అంటే గరుత్మంతుడి బొమ్మతో వెలిగే ఇత్తడి దీపం. అది వచ్చిందంటే స్వామి వచ్చినట్టే. ప్రతి ఇంటి ఇల్లాలూ గుమ్మంలోకి వచ్చి, సెమ్మె పట్టినవాడి కాళ్ళు కడిగి, పసుపు రాసి, దీపంలో నూనె పోయాలి. ఎంత పెద్దింటివాళ్ళైనా, ఎంత పొగరున్నా, ఆ కాళ్ళ ముందు వంగాల్సిందే.

ఆ ఏడాది సెమ్మె నా చేత పట్టిస్తానని మొక్కుకున్నట్టు నాయనమ్మ భజన పెద్దలకు చెప్పింది. మొక్కు అనేసరికి మా నాన్న నోరు మూతపడింది. ఎప్పుడు మొక్కుకున్నావని నేను చాటుగా అడిగితే, "ఇప్పుడు మొక్కుకుంతాను. సామికి ముందూ ఎనకా ఏటి" అంది. నాకు ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే: "అడిగినదానికి మించి ఏటీ సెప్పకు. కాలు ముందుకెట్టు, సాలు."

రాత్రి కట్టిన కట్టును ఆవిడే తెల్లవారుజామున విప్పేసేది. మంచులో, చల్లటి మట్టి మీద కుంటుతూ నడిచేవాణ్ణి. ప్రతి గుమ్మంలోనూ కాళ్ళు కడిగే ఇల్లాలు దీపం వెలుగులో పుండు చూసి, అయ్యో ఇదేమిటి నాన్నా అని అడిగేది. కళ్ళంలో గూటీబిళ్ళ ఆడుతుంటే గుచ్చుకుందని ఒక్క ముక్క చెప్పేవాణ్ణి. ఏ కళ్ళమో వాళ్ళకు తెలుసు. అలా ఇల్లిల్లూ చూసుకుంటూ, వీధి వీధంతా గుసగుసలతో నిండాక, ఆఖరున చివరింటి ముందు నిలబడేవాళ్ళం.

మొదటి రోజు అత్త కోడలి చేతికి చెంబిచ్చి పంపింది. ఇంటి ఇల్లాలు బతికుండగా కోడలు కడగడం ఎక్కడి ఆచారమని, భజన వెంట వచ్చిన నాయనమ్మ నెమ్మదిగా అడిగి, పాట మళ్ళీ మొదటినుంచి ఎత్తించింది. తలుపు తెరుచుకునేదాకా పాట ఆగలేదు. అత్త వచ్చి, నా మొహం చూడకుండా, దూరం నుంచి నీళ్ళు చిమ్మింది. నేను పుండున్న కాలే ముందుకు పెట్టాను. ఆవిడ వంగింది. ఆ వంగిన మెడ, ఆ నెరిసిన జుట్టు ముడి చూస్తూ ఉంటే నాకు కలిగిన ఆనందం పరమాన్నం తిన్నా కలగలేదు.

ఆ తరువాత ప్రతి తెల్లవారీ నాకు పండగే. ఒక రోజు జ్వరమని ఆవిడ బయటికి రాలేదు. మర్నాడు నాయనమ్మ భజన మొత్తాన్ని ఆవిడ వాకిట్లో కూర్చోబెట్టి, ఆరోగ్యం బాగుపడాలని గంటసేపు పాడించింది. ఆ తరువాత ఆవిడకు మళ్ళీ జ్వరం రాలేదు.

కాని నా మడమ మాత్రం మానలేదు. అనకాపల్లి తీసుకెళ్ళి సూది వేయించారు. వాపు తగ్గినట్టే తగ్గి మళ్ళీ పొంగింది, చీము పట్టింది. సెమ్మె మాన్పించమని అమ్మ ఏడ్చింది. నాయనమ్మ కూడా మెత్తబడి, పోనీలే నాన్నా, ఇంట్లో పడుకో అంది. నేనే ఒప్పుకోలేదు. ఆ మెడ వంగడం చూడకపోతే నాకు తెల్లవారేది కాదు.

మర్నాడు చివరింటి దాకా నడిచేసరికి కాలు మండిపోతోంది. అత్త నీళ్ళు పోసింది. రోజూలా చేయి వెనక్కి తీసుకోలేదు. నా మడమను అరచేతిలోకి తీసుకుని దీపం వైపు తిప్పింది. బొటనవేలితో పుండు చుట్టూ నొక్కుతూ వచ్చి ఒకచోట ఆగింది. నేను కెవ్వుమన్నాను. పాట సన్నగిల్లింది.

"ఇది తుమ్మముల్లు కాదు పిన్నీ" అంది నాయనమ్మతో. "ఈతముల్లు. మొన ఇరిగి లోపలుండిపోద్ది. అందుకే మానట్లేదు. జిల్లేడుపాలు ఎయ్యాల."

తాళాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నాయనమ్మ గొంతు పెంచకుండానే అడిగింది. "నీకెలా తెలుసమ్మీ?"

అత్త నా మడమ వదల్లేదు.

"ఈతమట్టలు కోసి పిప్పి కింద ఏసింది నేనే" అంది. "భయపడి రావడం మానేత్తారనుకున్నాను. ఇలాగవుద్దనుకోలేదు." తరువాత మృదంగం వైపు తలెత్తింది. "అన్నా, నీ కొడుకు మా పాదు ముట్టుకోలేదు. ఆడు దొంగ కాడు. దొంగమాట నాది."

మా నాన్న మృదంగం మెడలోంచి తీసి నేల మీద పెట్టడం ఆ రోజే మొదటిసారి చూశాను. నాకు క్షమాపణ ఏమీ చెప్పలేదు, ఆ కాలపు తండ్రులు చెప్పేవారు కాదు. నన్ను భుజం మీదకు ఎత్తుకుని, సెమ్మె నా చేతిలోనే ఉండనిచ్చి, ఇంటిదాకా అలాగే నడిచాడు. ఆ ఎత్తునుంచి ఊరంతా నా కాళ్ళ కిందే ఉన్నట్టు అనిపించింది. అత్త కంచె దగ్గర జిల్లేడు ఆకులు విరిచి, ఆ పాలు చేతికి కారుతూ ఉండగా మా వెనకే పరిగెత్తుకొచ్చింది. రోజూ వచ్చి కట్టు మార్చి, చివరికి ఆ ముల్లుమొన పైకి తేలాక తానే తీసింది.

అయితే నాకు మా నాయనమ్మ అసలు పాఠం నేర్పింది, అత్త తప్పు ఒప్పుకున్న మర్నాడు తెల్లవారుజామున. అప్పటికి ముల్లు ఇంకా లోపలే ఉంది, అయినా నేను అందరికంటే ముందు లేచి స్నానం చేశాను. నిన్నటిదాకా ఆవిడ తప్పు దాచుకుని వంగింది, ఈరోజు ఊరందరికీ తెలిసి వంగుతుంది. ఆ వంగడం చూడాలని రాత్రంతా నిద్రపట్టలేదు. వాకిట్లోకి వెళ్ళేసరికి నాయనమ్మ సెమ్మెను పక్కింటి పిల్లవాడి చేతిలో పెట్టేసింది. కాలు నొప్పని అనుకుందేమోనని, నడవగలనని గెంతి చూపించాను. ఇవాళే కదా అసలు పండగ అని ఏడ్చాను. తన మొక్కు సంగతేమిటని నిలదీశాను.

ఆవిడ నన్ను దగ్గరికి లాక్కుని, వేరెవరికీ వినపడకుండా చెప్పింది. "మన కసి నిన్నే తీరిపోయిందిరా. నాకూ తీరింది, అబద్దమెందుకు? తప్పు దాసినన్నాళ్ళూ అది నీ కాలికి వంగింది. ఇయ్యాల్టినుంచి వంగీది సామికి. మద్దిన నీ కాలెందుకు?"

ఆ రోజు గుంపు వెనక తాళం వేస్తూ నడిచాను. చివరింట్లో అత్త వంగి పక్కింటి పిల్లవాడి కాళ్ళు కడుగుతూ, ఒకసారి తలెత్తి నాకోసం వెతికింది. నేను నాన్న వెనక దాక్కున్నాను. నాకు కోపం అప్పటికింకా పోలేదు, నాయనమ్మ మీదే ఎక్కువగా ఉంది.

ఆ తరువాత చాలా బతికాను. గట్టు తగాదాలు పడ్డాను, అన్నదమ్ములతో పంపకాల్లో మాటలు పడ్డాను. అన్యాయం జరిగితే ఊరుకోవడం నాకు ఇప్పటికీ చేతకాదు, ఊరుకోమని మా నాయనమ్మ ఏనాడూ చెప్పలేదు. నిజం బయటపడేదాకా ఓపిగ్గా గుమ్మం ముందు నిలబడతాను. కాని ఎదుటివాడు తప్పు నాదేనని నోరు తెరిచిన మరుక్షణం ఇంకాస్త వంచాలని నాలో ఒకడు తహతహలాడతాడు. వాడిని వెనక్కి లాగడం నాకు ముల్లు తీయడం కంటే కష్టం. ఒక్కోసారి రోజులు పడుతుంది. అయినా లాగుతున్నాను.

మీ మనసులోనూ ఎవరి మీదైనా ఇలాంటి మంట ఉంటే, నాతోపాటు ఒక్కసారి చేతులు జోడించండి. స్వామీ, మాకు అన్యాయం చేసినవాళ్ళ నోటితోనే నిజం పలికించు. వాళ్ళు వంగిన ఆ క్షణాన మా కాలు వెనక్కి తీసుకునే బుద్ధి మాకివ్వు.