చిన్న చేతికి చిన్న తుపాకి

"ఎవర్ని కాల్చాలి వెల్డా, మొగుణ్ణా?"

తుపాకుల కొట్టు రూఫస్ గ్యాస్కిల్ ఈ మాట అడిగేసరికి కౌంటరు ముందు నలుగురు మగాళ్లు కాఫీ తాగుతున్నారు. నలుగురూ నవ్వారు. ఆ కొట్టులో మధ్యాహ్నం దాకా కాఫీ ఉచితం, హాస్యం కూడా ఉచితమే. ఉచితంగా దొరికేవాటి నాణ్యత గురించి వేరే చెప్పాలా?

"ఆర్లోని కాల్చడం దేనికి? ఆ పని ఫ్యాక్టరీ ఎప్పుడో మొదలెట్టింది," అంది వెల్డా స్ప్రాగ్. "నాకు కాగితం మీద మనిషిని కాల్చే తుపాకి కావాలి. ముప్పై ఎనిమిదో నంబరు తూటా పట్టేది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. 1983 శరత్కాలం అది. ఒహాయో నది ఒడ్డున ఉన్న మా ఊళ్లో పింగాణీ ఫ్యాక్టరీ ఆ వేసవిలోనే మూతపడింది. వెల్డా భర్త ఆర్లో అందులో మట్టి కలిపే గదిలో ఇరవై ఏళ్లు పనిచేసి ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో దాచుకున్నాడు. ఇంటి మెట్లెక్కాలంటే మధ్యలో ఒకసారి కూర్చునేవాడు. వెల్డాది అక్కడే కప్పులకు పట్టుకునే చెవులు అతికించే పని. ఫ్యాక్టరీతో పాటు ఆరోగ్య బీమా కూడా పోయింది. ఆర్లోకి నెలనెలా డాక్టరు, మందులు, ఆక్సిజన్ సిలిండర్ తప్పవు. బీమా లేకపోతే వాటిలో ఒక్కటీ వాళ్ల తాహతులో లేదు.

బ్యాంకుల డబ్బు మోసే ఇనప బండ్ల కంపెనీ ఒకటి కాపలాదార్ల కోసం ప్రకటన ఇచ్చింది. బండెక్కిన రోజు నుంచి కుటుంబం మొత్తానికి బీమా. ఆడవాళ్లూ దరఖాస్తు చేసుకోవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది. తుపాకి ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి. పరీక్షలో యాభై తూటాల్లో ముప్పై అయిదు కాగితం మీది నల్లబొమ్మలో పడాలి. వెల్డా పుట్టి బుద్ధెరిగాక తుపాకి ముట్టుకున్నది రెండుసార్లు. రెండుసార్లూ తండ్రి వేట తుపాకిని గోడకి తిరిగి తగిలించడానికే.

రూఫస్ ఆమె చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు, గాజులమ్మేవాడిలా. తర్వాత అద్దాల పెట్టెలోంచి అరచేతిలో ఇమిడిపోయే రివాల్వర్ తీశాడు. అయిదు తూటాలు, రెండంగుళాల గొట్టం, తేలికపాటి లోహం.

"చిన్న చేతికి చిన్న తుపాకి. ఆడవాళ్లందరికీ ఇదే ఇస్తాను. ఒక్కరూ వెనక్కి తేలేదు."

వెనక్కి ఎందుకు తేలేదో అతనికి ఎప్పుడూ అనుమానం రాలేదు. తెచ్చేటంత వాడినవాళ్లు లేరు. ఒకసారి కాల్చి, మణికట్టు పట్టుకుని, దాన్ని బీరువాలో దుప్పట్ల కింద పెట్టేసినవాళ్లే ఊరినిండా.

మా ప్రాంతంలో తుపాకి గురించి నోరు విప్పితే చాలు, స్వేచ్ఛ, హక్కు, తాతల కాలం నాటి పౌరుషం అన్నీ బయటికొస్తాయి. ఇన్ని పెద్ద మాటలు తెలిసినవాళ్లకి ఒక చిన్న సంగతి తెలియదు. తూటా అదే, మందు అదే. తుపాకి బరువుగా ఉంటే, పేలినప్పుడు వెనక్కి తన్నే తన్ను కొంత అదే మింగుతుంది, తేలికైతే మొత్తం చేతికి అప్పజెబుతుంది. గొట్టం పొట్టిదైతే గురిలో వెంట్రుకవాసి తేడా కూడా కాగితం దగ్గరికి చేరేసరికి బెత్తెడవుతుంది. అంటే ఆ బుల్లి తుపాకి చెయ్యి తిరిగినవాడికే లొంగుతుంది. దాన్ని మా ఊళ్లో ఏమీ రానివాళ్లకి, అందులోనూ ఆడవాళ్లకి, బహుమతిలా రిబ్బను కట్టి ఇస్తారు. ఈత రానివాణ్ణి, సన్నగా ఉన్నాడు గనక తేలతాడని వరదొచ్చిన నదిలోకి తోసినట్టు.

వెల్డా పాత రాతి గనిలో సాధన మొదలుపెట్టింది. ఆర్లో కారులో కూర్చుని చూసేవాడు. మొదటి తూటాకి బొటనవేలి మొదట్లో చర్మం లేచింది. రెండో పెట్టె అయ్యేసరికి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోవడం, గొట్టం కిందికి వాలిపోవడం అలవాటైపోయాయి.

"వెల్డీ, అది పేలక ముందే నువ్వు పేలుతున్నావ్," అన్నాడు ఆర్లో.

"నోర్ముయ్. ఊపిరి దాచుకో."

పరీక్ష రోజున యాభైలో పంతొమ్మిది పడ్డాయి. పరీక్ష పెట్టినవాడు బైరన్ ఓట్లీ అని, పోలీసు ఉద్యోగంలోంచి దిగిపోయిన మనిషి. కాగితం మడిచి ఆమె చేతికిస్తూ, "మేడమ్, మీరు కాల్చట్లేదు, తుపాకికి క్షమాపణ చెప్పుకుంటున్నారు. ఏదీ, అదిలా ఇవ్వండి," అన్నాడు. చూసి, "ఎవడమ్మాడు మీకిది?" అన్నాడు. ఆమె చెప్పాక అతను పేరు ఎత్తకుండా ఉమ్మేసి, తన నడుముకున్న రివాల్వర్ తీసి ఇచ్చాడు.

అది మధ్యరకం. ఉక్కుది, ఆరు తూటాలు, నాలుగంగుళాల గొట్టం. ఎత్తి పట్టుకుంటే బరువు తెలిసింది, పేలితే తన్ను అంతగా తెలియలేదు. ఆరింటిలో అయిదు నల్లబొమ్మలో పడ్డాయి. వెల్డా తుపాకి వంక చూసింది, కాగితం వంక చూసింది, తర్వాత రూఫస్ కొట్టున్న దిక్కు చూసింది.

"మళ్లీ పరీక్ష జనవరిలో. పిడి మీ చేతికి సరిపోయేది చూసుకోండి. పెద్దదాని జోలికి పోకండి, అదీ మీకు శత్రువే," అన్నాడు ఓట్లీ.

మర్నాడు కొట్టులో, వెల్డా వెనక్కి తెచ్చిన చిన్నదాన్ని రూఫస్ కాటాలో వేసినట్టు చూశాడు.

"ఇది కాల్చిన తుపాకి. సెకండ్ హ్యాండు కిందికొస్తుంది. సగం ధర ఇస్తా."

"కాల్చడానికే కదా అమ్మావు రూఫస్!"

"కొత్త కారు కొని వీధి మలుపు తిరిగి రా, అప్పుడు అడుగు నీ ధర."

కాఫీ మగాళ్లు తలలూపారు. వాళ్లకి ఇది న్యాయశాస్త్రం.

వెల్డా తగువు పెంచలేదు. పెద్ద రివాల్వరొకటి, మధ్యరకాలు రెండు తీయించింది. పెద్దదాని పిడి పట్టుకుంటే వేలు ట్రిగ్గర్‌కి కొసతోనే అందుతోంది. వేలు చాచి లాగితే గొట్టం పక్కకి తిరుగుతుంది. మధ్యరకాల్లో ఒకటి అందమైనది, నికెల్ పూత తళతళలాడుతూ ఉంది. రెండోది నల్లది, పిడి మీద గీతలు. అందమైనదాని ట్రిగ్గర్ మధ్యలో ఎక్కడో ముడిపడ్డట్టు ఆగి, తర్వాత జర్రున జారింది. నల్లదాని లాగు బరువే కాని మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా సాగింది. కప్పుకి చెవి అతికించేటప్పుడు తడిమట్టి మీద వేలు ఎంత నొక్కాలో వెల్డాకి తెలుసు, ఎక్కడ ఆగిందో ఆ వేలికి వెంటనే తెలిసిపోయింది.

"ఇది," అంది.

"ఎవడూ కొనట్లేదని మూలన పడేశానే దాన్ని!"

"అయితే తగ్గించు."

తగ్గించలేదు. లేఅవే కింద రాశాడు. అంటే కొంత కొంత కడుతూ ఉండాలి, పూర్తిగా కట్టేదాకా వస్తువు కొట్టు దాటి పోదు. మా ఊళ్లో పెళ్లి ఉంగరాలు, చలికోట్లు, పిల్లల సైకిళ్లు అన్నీ ఇలాగే ఇంటికొస్తాయి, కొన్ని ఎన్నటికీ రావు. చిన్నదాని మీద వచ్చిన సగం ధర మొదటి వాయిదా కింద పోయింది.

తుపాకి కొట్టు దాటకూడదు గనక వెల్డాయే కొట్టుకు వచ్చేది. రోజూ మధ్యాహ్నం, తాను అంట్లు తోమే హోటల్లో తిండివేళ దొరికిన కాసేపూ. ఖాళీ తుపాకి రెండు చేతులా ఎత్తి, ఎదురుగోడ మీది జింక తల కంటికి గురిపెట్టి, ట్రిగ్గర్ లాగేది. రూఫస్ గొట్టం చివర పది సెంట్ల నాణెం నిలబెట్టేవాడు. అది పడకుండా లాగాలి.

"పడుతుంది చూడు."

"పడితే నీకు, పడకపోతే నాకు," అనేది వెల్డా, కన్ను తిప్పకుండా.

మొదట్లో నాణేలన్నీ రూఫస్‌వే. క్రిస్మస్ నాటికి కాఫీ మగాళ్లు ఆమె తరఫున పందెం కాయడం మొదలుపెట్టారు. శనివారాలు కొట్టు వెనకాల మట్టికట్ట దగ్గర తూటాలతో సాధన. తూటాలు రూఫస్ దగ్గరే కొనాలి, ఆ షరతు మీదే తుపాకి వెనక గుమ్మం దాటేది. మొదట మందు తక్కువ పెట్టిన మెత్తటి తూటాలు, తర్వాత అసలువి. తూటాలు పట్టే చక్రంలో అక్కడక్కడ పేలిపోయిన తూటాల ఉత్త డొల్లలు ఉంచి, ఏది పేలుతుందో ఏది పేలదో తనకి తెలియకుండా తిప్పి ఇమ్మని రూఫస్‌ని అడిగేది. ఉత్తది వచ్చినప్పుడు గొట్టం వాలిందా, ఇంకా భయం ఉన్నట్టే. జనవరికి వాలడం మానేసింది.

ఆ రోజుల్లోనే ఒక పిల్ల, నర్సు, కొట్టుకొచ్చి "ఆడవాళ్ల తుపాకి" అడిగింది. వెల్డా గోడమీది జింకనుంచి చూపు తిప్పకుండానే, "దాన్ని ముట్టుకోకమ్మా. మణికట్టు పోతుంది. ఇలాంటిదడుగు," అంది.

ఆ పిల్ల ఏదీ కొనకుండా వెళ్లిపోయింది.

"నా కొట్టు ముంచడానికొచ్చావా నువ్వు?" అన్నాడు రూఫస్.

"నువ్వు ముంచినవాళ్లలో నేనొక్కదాన్నే ఈదుతున్నా," అంది.

పరీక్షకి తుపాకిని రూఫసే స్వయంగా పట్టుకొచ్చాడు. ఎంత మంచి మనసని ఊళ్లో అనుకున్నారు. అతను వచ్చింది తన సరుకు కోసం. పరీక్ష జరిగినంతసేపూ ట్రక్కు బానెట్ మీద కూర్చుని, అయిపోగానే చెయ్యి చాచాడు.

యాభైలో నలభై ఏడు. పరీక్షకి వచ్చిన పదకొండు మందిలో అంతకు మించినవాడు లేడు. ఓట్లీ ఆ కాగితం మడవలేదు, విప్పి అందరికీ చూపించాడు. ఆర్లో కారు హారన్ మోగించాడు, చప్పట్లు కొడితే ఆయాసం వస్తుందని.

సోమవారం కంపెనీ మేనేజరు నార్మన్ క్రిక్ పిలిపించాడు. మర్యాదస్తుడు. కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

"మిసెస్ స్ప్రాగ్, మీ గురి అద్భుతం. నాకెలాంటి అభ్యంతరమూ లేదు. కానీ బండిలో ఇద్దరే ఉంటారు. రోజంతా తలుపులు వేసుకుని. డ్రైవర్ల భార్యలు..."

"ఏమన్నారు?"

"ఇద్దరు ఫోన్ చేశారు. ఒకామె మా చర్చి ఆవిడే."

"నాకు నలభై మూడేళ్లు. ఇంట్లో ఆక్సిజన్ గొట్టంతో మొగుడున్నాడు. ఇనప పెట్టెలో నేను ఏ డ్రైవర్ని వలలో వేసుకుంటానని వాళ్ల భయం?"

"నేనా మాట అనలేదు."

"పరీక్షలో భార్యల గురించి ప్రశ్న లేదే?"

"అది పరీక్షలో ఉండదు మిసెస్ స్ప్రాగ్. ఊళ్లో ఉంటుంది." అతను నిజంగానే బాధపడుతున్నట్టు పెన్ను మూత తీసి పెట్టాడు. "చిల్లర లెక్కపెట్టే గదిలో ఖాళీ ఉంది. గంటల కూలి."

"బీమా?"

"అది బండి మీదివాళ్లకే."

ఇలా చేయడానికి వీల్లేదని చట్టం ఉంది. అప్పటికి దాదాపు ఇరవై ఏళ్లుగా ఉంది. ఆ చట్టం తెలిసిన వకీలు కూడా కొలంబస్ నగరంలో ఉన్నాడు, ముందు ఫీజు కట్టమన్నాడు. కష్టపడితే ఫలితం దక్కుతుందని మా చర్చిలో ప్రతి ఆదివారమూ చెబుతారు. ఫోన్ చేసిన ఆవిడ మొదటి వరసలో కూర్చుని వింటుంది.

వెల్డా చిల్లర గదిలో చేరింది. లేఅవే వాయిదాలు ఆగిపోయాయి. గడువు దాటాక రూఫస్ ఆ నల్ల రివాల్వర్‌ని మళ్లీ అద్దాల పెట్టెలో పెట్టాడు. ఈసారి మూలన కాదు, ముందు వరసలో, "నలభై ఏడు కొట్టింది ఇదే" అని చీటీ అంటించి, ధర పెంచి. వారంలో అమ్ముడుపోయింది. కొన్నది జనవరి పరీక్షలో తప్పి, మార్చిలో మూడోసారి ముప్పై ఆరుతో గట్టెక్కిన కుర్రాడు. అతను బండెక్కాడు. ఆ తుపాకి బాగా కాలుస్తుందని అతని నమ్మకం.

ఆర్లో బీమా లేకుండా ఒక చలికాలం దాటాడు, రెండోది దాటలేకపోయాడు. చివరి పదహారు రోజులూ ఆస్పత్రిలోనే గడిచాయి. బిల్లు వెల్డా పేరున వచ్చింది. నెలకి పాతిక డాలర్ల చొప్పున కడుతోంది, ఒక్క నెలా తప్పలేదు. ఆస్పత్రికి ఆమె ఇంకా నాలుగు వేల మూడు వందల డెబ్బై అయిదు డాలర్లు బాకీ.