బర్రెకు చోటు మిగలని ఉత్తరం

కొత్తగా కొలువులో చేరిన ఆ రోజుల్లో నాకొక జబ్బుండేది. పుస్తకంలో ఏ మాటైనా నచ్చితే దాన్ని నోటుబుక్కులో ఎక్కించుకుంటే తప్ప అన్నం సహించేది కాదు. (ఆ జబ్బు ఇప్పటికీ ఉంది. ఈ వారం చదువుతున్న లావుపాటి నవలలోంచి అప్పుడే నాలుగు పేజీలు దించాను.) సిరిసిల్ల వైపు ఒక పల్లెలో నన్ను బడిపంతులుగా వేశారు. వయసు ఇరవై, మీసం అంతంతమాత్రం, ఆదివారం ఆదివారం సైకిలు మీద పోయి గ్రంథాలయం నుంచి తెచ్చుకునే నవలలే లోకం. అందులోనూ కిటికీ పక్కన మంచంలో దగ్గుతూ, ప్రియుడి కోసం ఎదురుచూస్తూ కన్నుమూసే నాయికలంటే మరీ ప్రాణం. ఆ పేరాలు చదివి కళ్లు తుడుచుకుని, ఇంత గొప్ప మాటలు నా దగ్గర ఊరికే మూలుగుతున్నాయే, ఒక్కరికీ పనికిరావడం లేదే అని బాధపడేవాణ్ని.

ఆ ఊళ్లో సగం మంది మగవాళ్లు బొంబాయి దగ్గర భీవండిలో సాంచాలు నడిపేవారు. (కరెంటు మగ్గాన్ని మా వైపు సాంచ అంటారు.) వాళ్లకు ఇంటి నుంచి ఉత్తరం పోవాలంటే బడిపంతులే రాయాలి. మా పక్కింటి అక్క, సొంత అక్క కాదు, రోజూ పొద్దున్నే ఇంత సల్ల, అంటే మజ్జిగ, పోసేది కనుక అక్క అనేవాణ్ని, ఒకనాడు బడి విడిచే వేళకు భీవండిలో ఉన్న మొగనికని ఇన్లాండు కాగితం పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది.

"రాయి సారూ. బర్రె ఈనింది, పెయ్య దూడ. జున్ను వండిన. నీ వంతు గిన్నెల దీసి మూత వెట్టిన. మూడు పొద్దులు జూసిన. కరాబయింది, పారవోసిన. గంతే."

"గంతేనా అక్కా?"

"గంతే. ఇంకేమున్నది?"

నాకు ఆమె మీద జాలేసింది. అయిదు నెలలుగా ఇల్లు విడిచిన మొగనికి బర్రె ముచ్చటా! సరేనని తలూపి, ఆమె పోయాక నోటుబుక్కు తీశాను. చమురు అడుగంటిన దీపాన్నయ్యానని, కడసారి చూపు కోసమే ఈ కళ్లు తెరిచి ఉంచానని, నువ్వొచ్చేసరికి కిటికీ పక్కన మంచం ఖాళీగా ఉంటే ఏడవొద్దని కలం ఆపకుండా రాశాను. (వాళ్ల ఇంటికి కిటికీ లేదు.) కాగితం రెండు వైపులా నిండిపోయింది. బర్రెకు చోటు మిగలలేదు. నా అంతటివాడు లేడనుకుంటూ పోయి డబ్బాలో వేసి వచ్చాను.

భీవండిలో ఏం జరిగిందో తర్వాత బావ, అంటే అక్క మొగుడు, చెప్పగా తెలిసింది. పదిమంది పడుకునే గదిలో చదవొచ్చినవాడు ఒక్కడే. వాడు గొంతెత్తి చదువుతుంటే సగంలోనే ఒకాయన బావ మెడ పట్టుకుని ఏడ్చాడట. "జల్ది పోరా, మనిషి దక్కుతదో లేదో" అని అందరూ కలిసి ఆయన్ని రైలెక్కించారు.

వారం తిరక్కుండానే బావ బస్సు దిగాడు. గడ్డం మాసి, కళ్లు ఉబ్బి, చేతిలో రోగి కోసం బత్తాయిల సంచితో వాకిట్లోకి వచ్చేసరికి, అక్క నెత్తి మీద తనకంటే పెద్ద గడ్డిమోపుతో నిలబడి ఉంది.

"నువ్వు బతికే ఉన్నవా?" అన్నాడు బావ.

"నాకేమైంది? నువ్వెందుకొచ్చినవ్? సాంచ ఎవ్వలికి అప్పజెప్పినవ్?"

"ఇంక సాంచ యాడిది? పోతే ఇంకొకన్ని ఎక్కిస్తనన్నడు సేటు. పెండ్లాం సస్తుంటే సాంచ ఎందుకని వచ్చిన."

ఆ సాంచ పోతే వాళ్ల పొయ్యి మీదికి గింజలు రావు. గోడ ఇవతల నేనంతా విన్నాను. పారిపోదామంటే మళ్లీ సాయంత్రానికి గానీ బస్సు లేదు. అంతలోనే ఇద్దరూ నా గదికి వచ్చి, ఉత్తరం చేతిలో పెట్టి చదవమన్నారు. నా గొప్ప పేరాలన్నీ నా గొంతుతోనే చదివాను. అంత చెత్త నేను జన్మలో చదవలేదు.

"గిది నేను జెప్పలే," అంది అక్క. "నేను జున్ను ముచ్చట జెప్పిన." మళ్లీ మొదటి నుంచి అవే మాటలు, అదే వరసలో మొగనికి చెప్పింది. గిన్నె, మూత, మూడు పొద్దులు, ఏదీ తప్పలేదు.

బావ తువ్వాలతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"గా జున్ను ముచ్చట రాసినా వచ్చేటోన్ని గద సారూ."

సాంచ నిజంగానే పోయింది. ఇంకోటి దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ అక్క నాకు సల్ల పోయడం మానలేదు, నేను సిగ్గుతో తాగలేక తాగాను. ఆఖరికి మళ్లీ భీవండి బస్సెక్కుతూ బావ నా భుజం తట్టి, "జర పుస్తకాలు తక్కువ జదువు సారూ" అన్నాడు. ఆ ఒక్క మాటా వినలేదు నేను.

నోటుబుక్కులు ఇప్పటికి పదకొండయ్యాయి. మొదటిదాంట్లో ఆ దగ్గే నాయికలందరినీ కొట్టేసి, వాళ్ల కింద అక్క చెప్పిన నాలుగు మాటలు రాసిపెట్టుకున్నాను. గొప్పదని పేరుపడ్డ పేరా ఏదైనా ఎదురైతే దాన్ని ఆ పేజీ పక్కన పెట్టి చూస్తాను. చాలావరకు నిలబడవు. అయినా ఇంత వయసొచ్చినా బుద్ధి రాలేదు, మంచి మాట కంటబడగానే ఎవరి ఉత్తరంలో దూర్చుదామా అని చెయ్యి దురద పెడుతుంది. పెన్ను మూత తీసి అరుగు మీద కూర్చుంటాను కూడా. ఇప్పుడు రాయించుకోవడానికి ఎవరూ రారు.