ఆ పొద్దు కుదిరిన కేకు

కేకు చేయడం నేర్పే వీడియోల్లో మాడిన గిన్నె తోముతూ ఒక్కరంటే ఒక్కరు కనిపించరు. పిండి కలుపుతారు, పొయ్యి మీద పెడతారు, మూత తీసేసరికి అది బంగారు రంగులో ఉబ్బి కూర్చుని ఉంటుంది. రమణి మొదట్లో అదంతా నిజమనే నమ్మింది. ఓవెన్ మొహం ఎరగని ఇంట్లో, పాత కుక్కర్ అడుగున ఇసుక పోసి, విజిలూ రబ్బరూ తీసేసి ఆమె చేసిన మొదటి కేకు గిన్నెను పట్టుకుని వదల్లేదు. అట్లకాడ వంగింది గానీ కేకు ఊడలేదు. ముక్కలుగా గీకి కుక్కకు వేస్తే అది వాసన చూసి, వేసిన మనిషి మొహం చూసి, గొర్రెల దొడ్డి వైపు వెళ్ళిపోయింది.

రమణిది మార్కాపురం. తండ్రి పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పాలంటే ప్యాకెట్లో వస్తాయనీ, మాంసమంటే దుకాణంలో కోసి ఇస్తారనీ తెలిసిన పిల్ల, శ్రీహరిని చేసుకుని అర్ధవీడు దగ్గర పల్లెలో గొర్రెలున్న ఇంటికి కోడలుగా వచ్చింది. శ్రీహరి ఆటో నడుపుతాడు. మామ చెంచయ్య తెల్లారితే మందను తోలుకుని నల్లమల అంచుకు పోతాడు. ఇల్లు, చేను, దొడ్డిలో మిగిలిన పిల్లజీవాలు అత్త అంకాలమ్మ చేతిలో ఉంటాయి.

అంకాలమ్మ చెడ్డదేమీ కాదు. కోడల్ని ఒక్క మాట అని ఎరగదు. కాకపోతే నలుగురిలో ఆమె గురించి చెప్పాల్సి వస్తే మాత్రం “మార్కాపురం పిల్ల” అంటుంది. మార్కాపురం పిల్ల ఇంకా లేవలేదంటుంది. మార్కాపురం పిల్లకు గొర్రెపిల్లను ఎట్ల ఎత్తుకోవాలో తెలీదంటుంది. పెళ్ళై నాలుగేళ్ళయినా ఆ పేరు మారలేదు. రమణికి లోపల ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. నన్ను కోడలా అని పిలువు అత్తా అని ఏ మొహం పెట్టుకుని అడుగుతారు ఎవరైనా?

ఆమె కేకుల జోలికి పోవడానికి కారణమూ అదే. సంగటి కెలికినా, గోంగూర నూరినా, తలకాయ కూర వండినా అంకాలమ్మ చేతి రుచి పక్కన నిలబడాల్సిందే. కేకు ఒక్కటే ఆ ఇంట్లో ఎవరికీ రాని వంట. అందులోనైనా తనను మించేవాళ్ళు ఉండరని లెక్క వేసుకుంది. పోటీ లేని చోట కూడా ఓడిపోవచ్చని అప్పటికి ఆమెకు తెలియదు.

రెండోసారి సోడా ఎక్కువైంది. చెంచయ్య ఒక ముక్క నమిలి, కష్టపడి మింగి, “మందు బాగానే ఉందమ్మా, రోగమేంది?” అన్నాడు. మూడోసారి ఆత్రం పట్టలేక మాటిమాటికీ మూత తీసి చూస్తే, పొంగుతున్నది కాస్తా నడుం విరిగినట్టు కూలబడింది. అయినా రమణి మొండిది. గిన్నెకు నూనె రాసి పిండి చల్లాలనీ, సోడా చెంచా మీద కుప్పగా వేయకూడదనీ, మూత మీద చెయ్యి వేయకుండా ఉండటమే సగం వంట అనీ ఒక్కో గిన్నె తోముతూ ఒక్కోటి నేర్చుకుంది.

అట్లాంటి రోజుల్లోనే ఆ పొద్దు వచ్చింది.

ఆ రోజు ఇంట్లో చక్కెర లేదు. మైదా సగమే ఉంది. గ్యాస్ అయిపోవచ్చి మంట నీలంగా, నీరసంగా వెలుగుతోంది. బుద్ధి ఉన్నవాళ్ళు ఆ రోజుకు ఊరుకుంటారు. రమణి ఊరుకోలేదు. చక్కెరకు బదులు బెల్లం తురిమింది, ఉన్న మైదాతోనే సరిపెట్టింది, రెండు యాలక్కాయలు దంచి వేసింది. పాల కోసం ఫ్రిజ్ తెరిస్తే స్టీలు చెంబులో ఉన్నాయి, అవే పోసింది. ఉడికాక కుక్కర్ మూత తీసి చూస్తే ఏడుపొచ్చింది. వేలెడు కూడా పొంగలేదు. పసుపుపచ్చగా, తడితడిగా, కదిపితే వణుకుతోంది. పళ్ళెంలోకి తిరగేసి, కుక్క ఎక్కడుందా అని బయటికి చూస్తూ ఉండగా అంకాలమ్మ కంది చేను నుంచి వచ్చింది.

కాళ్ళు కడుక్కుని వచ్చి, అలవాటుగా ఓ మూల తుంచి నోట్లో వేసుకుంది. ఆ మనిషి అక్కడే ఆగిపోయింది. తర్వాత పీట లాక్కుని కూర్చుని సగం తిన్నది. ఆ మిగిలిన సగం కూడా తిన్నది. కొంగుతో మూతి తుడుచుకుని, కోడలి మొహంలోకి చాలాసేపు చూసి, లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. రమణికి ఏమీ అర్థం కాలేదు. అంత ఆకలేసిందా? లేక పారేయడం ఇష్టం లేక తిన్నదా?

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర అంకాలమ్మ ఎవరితోనో మాట్లాడుతుంటే తలుపు చాటునుంచి వినబడింది. అంతా వినబడలేదు. “మా కోడలు చేసింది” అన్నంత వరకు వినబడింది. అది చాలు. రమణి చేతిలోని బిందె కింద పెట్టేసి, ఆ రెండు మాటల్నీ మళ్ళీ మళ్ళీ లోపల అనుకుంది. మా కోడలు.

ఇక్కడే అసలు తిప్పలు మొదలయ్యాయి. చెడిన కేకు ఎందుకు చెడిందో ఆమెకు తెలుసు, కుదిరిన కేకు ఎందుకు కుదిరిందో తెలియదు. అసలు అది కుదిరినట్టా, చెడినట్టా? బెల్లం వల్లేమో అని బెల్లంతో చేసింది. నిక్షేపంగా పొంగింది. అంకాలమ్మ ఓ ముక్క తిని, బాగుందిలే అని మిగతాది మగవాళ్ళకు తీసిపెట్టింది. మైదా తగ్గించి చేస్తే ఉప్మాలా విడిపోయింది. మంట తగ్గించి చేస్తే పూట గడిచినా లోపల పచ్చిగానే ఉంది. మూడూ కలిపి చేస్తే వచ్చినదానికి పేరు పెట్టడం ఎవరి వల్లా కాలేదు. పాల సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు. పాలు పాలే కదా.

ఈ తంటాల్లో పడి ఆమెకు మామూలు కేకు చేయడం బాగా వచ్చేసింది. కళ్ళు మూసుకుని చేసినా పొంగుతోంది. శ్రీహరి ఆటో స్టాండులో పంచిపెడితే అందరూ మెచ్చుకున్నారు. రమణికి మాత్రం ఏడుపే. మొన్నటిదాకా పొంగడం లేదని ఏడ్చింది, ఇప్పుడు పొంగుతోందని ఏడుస్తోంది.

చివరికి ఓ రోజు తెగించి, ఆ పొద్దు కుదిరినట్టు మళ్ళీ కుదరడం లేదు కదా అత్తా అని అడిగింది. అంకాలమ్మ నవ్వింది. అంత చల్లగా నవ్వడం రమణి ఎప్పుడూ చూడలేదు.

“అది ఊరికే కుదురుద్దా అమ్మే. దానికి కాలం రావాల.”

కాలమా? రమణి పెరట్లోకి వచ్చి ఆకాశం చూసింది. ఆ రోజు మబ్బు పట్టిందా, ఎండ కాసిందా? అమావాస్య గానీ కాదు కదా? ఫోన్లో వెతికితే గాలిలో తేమ ఉంటే కేకు మారుతుందని ఒకామె చెప్పింది, మారనే మారదని ఇంకొకామె చెప్పింది. ఇద్దరి కేకులూ బ్రహ్మాండంగా ఉన్నాయి.

ఇంతలో ఆడబిడ్డ జ్యోతి కూతురికి ఏడాది నిండబోతోందని పామూరు నుంచి కబురొచ్చింది. పుట్టినరోజు అమ్మమ్మ ఇంట్లోనే చేస్తారట. కంభం బేకరీలో కేకు చెబుతానని జ్యోతి ఫోన్లో అంటే, అంకాలమ్మ ఒప్పుకోలేదు. మా కోడలు చేస్తుందని చెప్పింది. అప్పటికి కాలం కూడా కలిసొస్తే ఇంకా మంచిదని కూడా అంది. రమణికి ఒకవైపు గుండె నిండిపోయింది, ఇంకోవైపు జారిపోయింది. పామూరు చుట్టాలందరి ముందు అత్త ఎదురుచూసే కేకు రాకపోతే, ఆ రెండు మాటలూ మళ్ళీ వినబడవని ఆమె భయం.

పుట్టినరోజు రేపనగా పక్కింటి మాలకొండమ్మ వచ్చింది. పేరు కొట్టించిన తన స్టీలు చెంబు ఇక్కడ ఉండిపోయిందంది. ఖాళీ చెంబు తిప్పి పంపడం ఇష్టం లేక, ఇన్ని కందులు పోసి ఇద్దామని అంకాలమ్మ దాచి మరిచిపోయినట్టుంది. రమణి వెతికి తెచ్చి, ఏమిచ్చి పంపావు అక్కా దీంట్లో అని మాటవరసకు అడిగింది.

“జున్నుపాలు గదా. మా పెద్ద బర్రె ఈనినప్పుడు మీ అత్తకు పోసిచ్చినా. చిన్నది గూడా ఈ నెల్లోనే ఈనేటట్టుంది, చెంబు కావాలని వస్తి.”

రమణి బుర్రలో దీపం వెలిగింది. పసుపు రంగు, ఆ వణుకు, ఆ తడి, బెల్లమూ యాలక్కాయా. కాలం రావాలంటే ఏమిటో కూడా తెలిసిపోయింది. ఇన్నాళ్ళ గందరగోళం ఒక్క క్షణంలో విడిపోయేసరికి ఆమె కాలు నిలవలేదు. వసారాలో బియ్యం ఏరుతున్న అత్త దగ్గరికి పరిగెత్తింది.

“అత్తా, నాకు తెలిసిపోయింది. ఆ పొద్దు నేను కేకులో పోసింది జున్నుపాలంట. నాకు తెలీనే తెలీదు, మామూలు పాలేలే అని పోసేసినా.”

అంకాలమ్మ చేతులు చేటలో ఆగిపోయాయి.

“తెలీదా నీకు?”

ఆ గొంతులో తేడా రమణికి వెంటనే పట్టుబడలేదు. నవ్వుతూనే తల ఊపింది. అంకాలమ్మ బియ్యం వైపు చూస్తూ, తనలో తాను చెప్పుకుంటున్నట్టు మెల్లగా అంది:

“మా అమ్మ జున్ను వండితే గిన్నె అంచుకు అంటుకున్నది గీకి నాకే పెట్టేది. ఈ ఇంటికొచ్చినాక అందరికీ కోసి పెట్టేసరికి నాకు గిన్నె తోమే పనే మిగిలేది. ఆ సంగతి ఒక పొద్దు నీకు చెప్పినా. నువ్వు ఫోన్ చూస్తా ఊ అంటివి. అట్ల చూస్తా గూడా ఇన్నావులే, మనసులో పెట్టుకుని నాకోసం చేసినావులే అనుకొంటి.”

అంతే అంది. మళ్ళీ రాళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టింది. రమణి అక్కడే నిలబడిపోయింది. ఆ ఊ ఎప్పుడు అన్నదో గుర్తు తెచ్చుకోవాలని చూసింది, గుర్తు రాలేదు. వినలేదు కాబట్టి గుర్తు ఉండే వీల్లేదు. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

మర్నాటి కేకు ఆమె చేసినవాటన్నిటిలోకీ గొప్పది. ఎత్తుగా, సమంగా, ఒక్క పగులు లేకుండా పొంగింది. గిన్నె తిరగేస్తే చప్పుడు లేకుండా జారింది. జ్యోతి అత్తగారు రెండుసార్లు పెట్టించుకుని, ఇది ఏ బేకరీలోది అని అడిగింది. అంకాలమ్మ చంటిదాని మూతి తుడుస్తూ, మార్కాపురం పిల్ల చేసిందని చెప్పింది.

ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే రమణి తట్టుకునేది. ఆ రాత్రి కుక్కర్‌ను కడిగి అటక మీదికి ఎక్కించేసింది. అంతమంది మెచ్చుకున్న రోజే ఇట్లా ఎందుకైందో, తాను నేర్చుకున్నదేమిటో, నేర్చుకోనిదేమిటో ఆమెకు తెగలేదు. అత్త మునుపటిలాగే ఉంది. తిట్టలేదు, ఎత్తిపొడవలేదు. అచ్చం మునుపటిలాగే ఉండటమే రమణికి కష్టంగా ఉంది.

కొన్నాళ్ళకు ఒక ఉదయం ఆమె పెరడు ఊడ్చి వచ్చేసరికి కుక్కర్ కిందికి దిగి ఉంది. అడుగున ఇసుక కూడా పోసి ఉంది. పొయ్యి గట్టు మీద మాలకొండమ్మ పేరున్న చెంబు ఉంది. అంకాలమ్మ బెల్లం కొడుతూ, తల ఎత్తకుండా అంది:

“ఇవి జున్నుపాలు. ఈసారి తెలిసి పొయ్.”

రమణి అలవాటుగా ఫోన్ తీసింది. తీసి, దాంట్లో చూడటానికి ఏమీ లేదని ఫ్రిజ్ మీద పెట్టేసింది. ఎన్ని పాలకు ఎంత మైదానో ఆమెకు తెలియదు. సోడా వేయాలో వద్దో అసలే తెలియదు. అడిగితే అంకాలమ్మ తనకు మాత్రం తెలుసా ఏంది అంది. ఇద్దరూ కలిసి చెంబులోకి తొంగి చూశారు.

“మీ అమ్మ సంగతి మళ్ళా చెప్పు అత్తా,” అంది రమణి మైదా జల్లిస్తూ. “ఇంటాను.”

ఏముందిలే చెప్పడానికి అంటూనే అంకాలమ్మ పీట వాల్చుకుంది. ముండ్లమూరు వైపు ఉన్న పుట్టింటి గురించి, అక్కడి బర్రెల గురించి, పొగచూరిన వంటింట్లో తల్లి పక్కన కూర్చోవడం గురించి చెబుతూ పోయింది. ఎప్పుడు పొయ్యి మీద పెట్టారో, ఎంతసేపు ఉడికిందో ఇద్దరూ చూసుకోలేదు. మూత తీస్తే పొంగలేదు. తిరగేస్తే మధ్యలోది జారిపడి, అంచులది గిన్నెకే పట్టుకుని ఉండిపోయింది, మొదటి రోజు కేకు లాగే. రమణి చెంచా తీసుకుని ఆ అంచంతా ఓపిగ్గా గీకి, అత్త పళ్ళెంలో పెట్టింది.

అంకాలమ్మ కాసేపు దాన్ని చూసి, తినడం మొదలుపెట్టింది. గోడ అవతల నుంచి మాలకొండమ్మ, పాలు ఏం చేశారు, కేకు పొంగిందా అని అడిగింది.

“పొంగలేదు,” అంది అంకాలమ్మ నోటి నిండా పెట్టుకునే. “మా కోడలు చేసింది.”