తిన్నది ఒంటబట్టని బాద్‌షా

కుక్కను తెచ్చుకుందామన్నది నాగేశ్వరి కాదు. భర్త రామబ్రహ్మం బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన కొత్తలో ఒకరోజు అట్టపెట్టెలో జర్మన్ షెపర్డ్ పిల్లను పెట్టుకుని ఇంటికొచ్చాడు. "నువ్వు ఆఫీసుకెళ్లిపోతే గోడలు చూస్తూ కూర్చోవాల్సొస్తోంది. తోడుంటుందిలే" అన్నాడు. దానికి బాద్‌షా అని పేరు పెట్టిందీ ఆయనే. నాగేశ్వరి వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. పెట్టెలో పరవడానికి ఒక పాత దుప్పటి తీసిచ్చింది.

వాళ్లది తణుకు పక్కన ఊరు. హైదరాబాదు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. హఫీజ్‌పేట్ స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఫ్లాటు. ఆమె రోజూ రైలెక్కి హైటెక్ సిటీలో దిగి, షేర్ ఆటోలో మాదాపూర్ వెళ్లి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో జీతాల లెక్కలు చూస్తుంది. పని తప్పించుకోవడం, వాయిదా వేయడం ఆమెకు తెలియదు. ఏదైనా సరిగ్గా చేస్తే సరిగ్గా రావాలన్నది ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని బాద్‌షా కడుపు రెండేళ్లపాటు పరీక్షించింది.

ఏడాది దాటాక దాని ఒళ్లు తగ్గడం మొదలైంది. తిండి మాత్రం తగ్గలేదు. గిన్నె నాకి, గిన్నె కిందున్న నేల నాకి, మళ్లీ వంటగది గుమ్మంలో నిలబడేది. తిన్నదంతా సగం అరిగీ అరగకుండా, పసుపు రంగులో, జిడ్డుగా బయటికొచ్చేది. రోజుకు ఎన్నిసార్లో లెక్కలేదు. పక్కన కూర్చుంటే దాని కడుపులో గుడగుడలు టీవీ చప్పుడును మించి వినబడేవి. అన్నిటికంటే దారుణం, ఎవరూ చూడకపోతే అది వెళ్లినదాన్ని అదే తినేది. పొద్దున్నే ఆఫీసు చీర కట్టుకునే ముందు ముక్కుకు చున్నీ చుట్టుకుని బాల్కనీ కడగడం నాగేశ్వరికి అలవాటైపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నా, రైల్లో పక్కవాళ్లకు వాసన వస్తోందేమోనని ముడుచుకుని నిలబడేది.

మొదటి డాక్టరు నులిపురుగులన్నాడు. మాత్రలు వేశారు. రెండో ఆయన ఇన్ఫెక్షనన్నాడు. సిరప్ పోశారు, నాలుగు రోజులు గట్టిపడింది, మానేయగానే మొదటికొచ్చింది. ఇంకొకరు చికెన్ పడటం లేదన్నారు. ఆ ముక్క పట్టుకుని నెలల తరబడి పెరుగన్నం, గుమ్మడికాయ, ఉడికించిన గుడ్డు అంటూ ఒక్కొక్కటే మార్చి చూసింది. ఇంటర్నెట్‌లో ఎవరో ఇసబ్గోల్ అన్నారు, అది కలిపింది. మంచి బ్యాక్టీరియా పొడి అన్నారు, అదీ తెప్పించింది. వంటగది అరలో పప్పుల డబ్బాల పక్కన బాద్‌షా డబ్బాలు ఒక వరుస తయారయ్యాయి. ప్రతి కొత్త డబ్బాతోనూ వారం రోజులు ఆశ పుట్టేది. తర్వాత మళ్లీ చున్నీ, బకెట్టు, బాల్కనీ.

ఇంట్లో బాధ చాలదన్నట్టు బయటి మాటలు కూడా మొదలయ్యాయి. కింది ఫ్లాటు భూలక్ష్మి లిఫ్టులో కలిసినప్పుడల్లా కుక్కను కిందికీ పైకీ చూసేది.

"ఏంది మేడమ్, గిట్ల బక్కగయింది? బొక్కలు లెక్కవెట్టొచ్చు. జర తిండి వెట్టరాదుండ్రి."

"పెడుతూనే ఉన్నామండి. మాకంటే ఎక్కువే తింటోంది. ఒంటబట్టడం లేదు."

"తింటే గిట్లెందుకుంటది?" అని భూలక్ష్మి పెదవి విరిచి దిగిపోయేది.

ఆ తర్వాత కొన్నాళ్లకు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. పక్కటెముకలు తేలిన బాద్‌షా గేటు దగ్గర చెత్తడబ్బాలో మూతి పెట్టిన ఫొటో. కింద ఎవరో రాశారు: 'సాకడం చేతకానివాళ్లు ఎందుకు తెచ్చుకోవాలి?' దానికి ఏడుపు మొహాలు, చేతులు జోడించిన బొమ్మలు వరుసగా పడ్డాయి. జంతు సంక్షేమం వాళ్లకు ఫోన్ చేద్దామని ఇంకొకరు. నాగేశ్వరి అది ఆఫీసు క్యాంటీన్‌లో చూసింది. ప్లేటు ముందు పెట్టుకునే, డాక్టర్లెవరు, మందులేవి, ఇంటి పరిస్థితి ఏమిటి అన్నీ టైపు చేసింది. పంపబోయి మొత్తం చెరిపేసింది. వీళ్లకెందుకు సంజాయిషీ ఇవ్వాలనిపించింది. ఆ పూట అన్నం మాత్రం దిగలేదు.

ఆ శనివారం మదీనాగూడలో కొత్తగా క్లినిక్ పెట్టిన డాక్టర్ అశ్విని దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె మిగతావాళ్లలా ముందు మందు రాయలేదు. కుక్క కడుపు నొక్కి చూసి, ఎంత తింటుంది, ఎన్నిసార్లు వెళుతుంది, ఎలా ఉంటుంది అని అడుగుతూ పోయింది. "తిన్నది అరిగించే రసాలు ఊరుతున్నాయో లేదో చూడాలండి. ఈ జాతిలో ఇది వస్తుంటుంది" అంటూ రక్తం తీసి వేరే ఊరి ల్యాబుకు పంపించింది.

ఫలితం రావడానికి చాలా రోజులు పట్టింది. అనుమానం నిజమైంది. బాద్‌షా క్లోమం పని మానేసింది. కొవ్వునీ మాంసాన్నీ అరిగించే ఎంజైములు ఒంట్లో లేవు. ఎంత తిన్నా ఆకలి తీరదు, ఎందుకంటే తిన్నది ఒంట్లోకి పోదు.

"మరి నయమవుతుందా అమ్మా?" అని అడిగాడు రామబ్రహ్మం.

"నయం కాదండి. కానీ అదుపులో పెట్టొచ్చు. ప్రతి ముద్దతో ఎంజైమ్ పొడి వెళ్లాలి, బతికినంత కాలం. వారానికోసారి బీ ట్వెల్వ్ ఇంజక్షన్లు వేయాలి, ఇంట్లోనే వేయడం నేర్పిస్తాను. కొవ్వు తగ్గించాలి. కడుపులో చెడ్డ క్రిములు పెరిగాయి కాబట్టి కొన్నాళ్లు యాంటీబయాటిక్ ఇద్దాం."

నాగేశ్వరికి ముందు ఊరట కలిగింది, వెంటనే కోపం వచ్చింది. ఒక్క రక్తపరీక్షతో తేలేదానికి ఇన్నాళ్లూ గుమ్మడికాయ ఉడికించింది తను.

ఇక పద్ధతి ప్రకారం జరుగుతుందనుకుంది. రెండు పూటలా చికెన్ కలిపిన అన్నం వండి, పొడి చల్లి, కలిపి పెట్టింది. మూడు వారాలైనా మార్పు లేదు. క్లినిక్‌కు ఫోన్ చేసి దాదాపు అరిచింది. అవతల అశ్విని ఓపిగ్గా విని, ఒకటే ప్రశ్న వేసింది.

"అన్నం వేడిగా ఉన్నప్పుడే పొడి కలుపుతున్నారా?"

"మరి వేడివేడిగా కలిపితేనే కదండీ బాగా కలిసేది?"

"అయ్యో. వేడికి ఎంజైము చచ్చిపోతుందండి. చల్లారాక కలిపి, కాసేపు అలా వదిలేసి పెట్టాలి. చెప్పాననుకున్నాను, సారీ."

"ఆ ముక్క ముందే చెప్పుంటే బాగుండేది కదమ్మా!" అని ఫోన్ పెట్టేసింది. ఇన్నాళ్లూ తను బాద్‌షాకు పెట్టింది ఉత్త బూడిదతో సమానం.

చల్లార్చి కలపడం మొదలుపెట్టాక నిజంగానే తేడా కనిపించింది. మలం గట్టిపడింది. బాల్కనీ రోజుకొక్కసారి కడిగితే సరిపోయేది. అయితే పదిహేను రోజులు బాగుంటే మళ్లీ రెండు రోజులు పాతకథ. ఎందుకో అంతుబట్టలేదు. పొడి పాతదేమోనని కొత్త డబ్బా తెప్పించింది. మోతాదు పెంచింది. చికెన్ తోలు తీసి, ఉడికించిన నీళ్లు పారబోసింది. అయినా మళ్లీ జారుడే.

ఒక సాయంత్రం ఆఫీసులో కరెంటు పని జరుగుతోందని తొందరగా పంపించేశారు. స్టేషన్ దిగి నడిచి వస్తుంటే, వాళ్ల సందు మొదట్లో ఉన్న టీ కొట్టు దగ్గర రామబ్రహ్మం కనిపించాడు. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో ఉస్మానియా బిస్కెట్టు. బిస్కెట్టు సగం విరిచి బాద్‌షా నోట్లో పెడుతున్నాడు. కొట్టువాడు నవ్వుతూ సీసాలోంచి ఇంకొకటి తీసి ఇస్తున్నాడు. వాళ్లకిది కొత్త కాదని చూడగానే తెలిసిపోతోంది. కుక్క ఆమెను చూసి తోక ఊపింది. రామబ్రహ్మం బిస్కెట్టు జేబులో పెట్టుకున్నాడు.

ఆమె కుక్క గొలుసు అందుకుని ఇంటివైపు నడిచింది. తలుపు వేశాక బ్యాగు సోఫాలో విసిరికొట్టింది.

"ఎన్నాళ్లనుంచి?"

"అదేం రోజూ కాదు నాగేశ్వరీ..."

"రోజూ కాదా? నేను కొవ్వు వద్దని చికెన్ తోలు ఒలుస్తూ కూర్చుంటే, మీరు వెన్న బిస్కెట్లు పెడుతున్నారా? పొడి పనిచేయట్లేదని ఆ డాక్టరమ్మ మీద ఎన్నిసార్లు అరిచానో తెలుసా మీకు?"

"ఆకలితో అలా మొహం చూస్తుంటే నాకు టీ గొంతు దిగదు. నువ్వు ఆఫీసులో ఉంటావు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా దాని చూపు భరించేది నేను."

ఆ మాటలో నిజం ఉంది. అందుకే ఆమెకు ఇంకా మండింది. ఇంట్లో ముద్దు చేసే పని ఆయనది, కడిగే పని తనది, తిట్లు తినే పనీ తనదే.

"సరే. రేపటినుంచి వండటం, చల్లార్చటం, పొడి కలపటం, కడగటం అన్నీ మీరే. ఇంజక్షను వేయడం తప్ప నేను దాని జోలికి రాను. దాని మొహం చూడలేకపోతే అటు చూడకండి" అని గదిలోకి వెళ్లిపోయింది.

అన్న మాట మీద నిలబడింది. మరుసటి రోజు బాల్కనీలో బిస్కెట్ల ఫలితం ఎదురుగా ఉంది. బకెట్టు పక్కన చున్నీ కూడా పెట్టి రైలుకు వెళ్లిపోయింది. రామబ్రహ్మం కడిగాడు. ఆ మరుసటి రోజూ కడిగాడు. కడిగిన చేతులతో కాఫీ తాగబుద్ధి కాక గ్లాసు అలాగే వదిలేశాడు. వారం తిరిగేసరికి టీ కొట్టు వైపు నడక మానేసి, రైలు పట్టాల పక్క రోడ్డులోకి మళ్లాడు. అన్నం గిన్నె ఫ్యాను కింద పెట్టి, వేలు ముంచి చూసి, పొడి కలిపి, కాపలా కూర్చునేవాడు. ఆకలి తట్టుకోలేకపోతోందని డాక్టరును అడిగి, రెండు పూటల తిండినే నాలుగు పూటలుగా విడగొట్టాడు. అది నాగేశ్వరికి తట్టని ఆలోచన.

రెండు నెలల్లో బాద్‌షా పక్కటెముకలు మాంసంలోకి వెళ్లిపోయాయి. బొచ్చుకు మెరుపు వచ్చింది. కిందికి తీసుకెళ్తే పిల్లలు చుట్టూ చేరేవారు. ఒకరోజు లిఫ్టులో భూలక్ష్మి, "సారు మంచిగ చూసుకుంటుండు మేడమ్. మీరు డ్యూటీల వడి పట్టించుకోలే గని, సారు చేతికొచ్చినంక కుక్క సోకుగైంది" అంది.

రెండేళ్ల చున్నీ, రెండేళ్ల బకెట్టు, క్యాంటీన్‌లో దిగని అన్నం, అన్నీ నాగేశ్వరికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "ఇంజక్షన్లు నేనే వేస్తున్నానండి" అనబోయి, అదెంత చిన్నమాటగా వినబడుతుందోనని ఊరుకుంది. ఇంటికొచ్చి చెబితే రామబ్రహ్మం నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన నవ్వు ఆపేసి, ఫోన్ తీశాడు. అపార్ట్‌మెంటు గ్రూపులో జబ్బు పేరేమిటో, దానికి ఏం చేయాలో, ఆ ఫొటో పెట్టిన రోజుకు ముందు ఈ ఇంట్లో ఎవరు ఏం చేశారో, నెలల తరబడి బిస్కెట్లు పెట్టి చెడగొట్టింది ఎవరో వరుసగా రాసి పంపించాడు. రెండు చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఫొటో పెట్టినవాళ్లు అసలు పలకలేదు.

వానలు మొదలయ్యాక బాద్‌షాకు మళ్లీ జారుడు పట్టుకుంది. ఈసారి ఎవరి తప్పూ లేదు. "అప్పుడప్పుడు ఇలా అవుతుందండి, మళ్లీ కొన్నాళ్లు యాంటీబయాటిక్ ఇద్దాం" అంది అశ్విని. "ఇదెప్పటికీ ఇంతేనా?" అని నాగేశ్వరి అడిగింది. "ఇంతే" అంది డాక్టరు. తిరిగొచ్చేటప్పుడు కారు వెనక సీటులో కుక్క కడుపు గుడగుడలాడుతోంది.

ఇప్పటికీ ఆదివారం పొద్దున బీ ట్వెల్వ్ సూది వేసే పని నాగేశ్వరిది. రామబ్రహ్మం సూది చూడలేక, కుక్క తల ఒళ్లో పెట్టుకుని గోడవైపు తిరుగుతాడు. ఆమె మెడ మీది చర్మం పైకెత్తి, గుచ్చి, తీసి, దూదితో రుద్దుతుంది. "అయిపోయిందా?" అని ఆయన అడుగుతాడు. "ఎప్పుడో అయింది, తిరగండి" అని విసుక్కుని, ఆమె చేతులు కడుక్కోవడానికి వెళుతుంది.